వర్ణన వ్యాసం తిప్పి పంపారు, "పూలు ఎక్కడా కనపడలేదు" అట!

వాసు_వైట్‌ఫీల్డ్
మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం ఉగాదికి చిన్న సంచిక వేస్తున్నాం. 'బెంగళూరులో నాకు నచ్చిన చోటు' అని వర్ణన వ్యాసాలు అడిగారు, 400 పదాలు దాటకూడదు. నేను కె.ఆర్. మార్కెట్ పూల సంత గురించి రాశాను. సంచిక చూసే పెద్దాయన రిటైరైన తెలుగు మాస్టారు. వ్యాసం తిప్పి పంపుతూ ఒక్క ముక్క రాశారు: "పూలు ఎక్కడా కనపడలేదు, మళ్లీ రాయండి." ప్రతి రెండో లైన్లో పూలు అనే మాట ఉంది! మొదటి పేరా కింద పెడుతున్నాను, మీరే చెప్పండి.

"ఉద్యాన నగరిగా పేరొందిన బెంగళూరు మహానగరంలో కృష్ణరాజేంద్ర మార్కెట్ ఒక అద్భుతమైన ప్రదేశం. తెల్లవారుజామున అక్కడ అడుగుపెట్టగానే రంగురంగుల పూలు మనకు స్వాగతం పలుకుతాయి. ఆ సుగంధ పరిమళాలు మనసును మైమరపిస్తాయి. ఎటు చూసినా జనసందోహమే. ఆ దృశ్యాన్ని వర్ణించడానికి మాటలు చాలవు. ఆ అందాన్ని కళ్లారా చూడాల్సిందే."

కోలారోడు
వర్ణన వ్యాసంలో "వర్ణించడానికి మాటలు చాలవు" అని రాశావా గురూ.

హిందూపురం77
400 ఇచ్చారుగా, ఇంకెన్ని కావాలి మాటలు.

వాసు_వైట్‌ఫీల్డ్
నవ్వండి నవ్వండి. చిన్నప్పటి నుంచి స్కూల్లో ఇలాగే రాశాం, మార్కులు కూడా వేశారు.

పద్మ_ట్యూషన్
జయనగర్‌లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇంగ్లిష్ చెప్తాను. ఐసీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లిష్ మొదటి పేపర్లో 300 నుంచి 350 పదాల వ్యాసం ఒకటి ఉంటుంది, 20 మార్కులు. ఇచ్చిన వాటిలో ఒకటి ఎంచుకోవాలి. వర్ణన వ్యాసం తేలిక అనుకుని చాలామంది పిల్లలు దాని మీద పడతారు. పడి, సరిగ్గా మీరు రాసినట్టే రాస్తారు. భాష వేరైనా జబ్బు ఒకటే.

నేను వాళ్లతో ఒక పని చేయిస్తాను. వ్యాసంలో ఆ చోటు పేరు కొట్టేసి ఇంకో చోటు పేరు పెట్టమంటాను. మీరూ చేసి చూడండి. కె.ఆర్. మార్కెట్ తీసేసి మైసూరు దేవరాజ మార్కెట్ అని రాయండి. మీ పేరాలో ఒక్క వాక్యమైనా అబద్ధం అయిందా? ఉద్యాన నగరి అన్న మాట తప్ప మిగతాదంతా అక్కడికీ అతికిపోతుంది. మదురైకీ అతుకుతుంది, కడియం నర్సరీకీ అతుకుతుంది. పేరు మార్చినా నిలబడే వాక్యాలన్నీ కొట్టేయమంటాను. చాలామందికి మొదటిసారి రెండు మూడు లైన్లే మిగులుతాయి. వ్యాసం అక్కడి నుంచి మొదలవుతుంది.

వాసు_వైట్‌ఫీల్డ్
మేడమ్, మొదటి పేరా పరిచయం కదా, అది అలాగే ఉంటుంది. వివరాలన్నీ రెండో పేరాలో ఉన్నాయి. చూడండి:

"చేమంతి, బంతి, గులాబీ, మల్లె, కనకాంబరం, సంపంగి, లిల్లీ వంటి ఎన్నో రకాల పూలు రాశులుగా పోసి ఉంటాయి. హోసూరు, చిక్కబళ్లాపురం వంటి ప్రాంతాల నుంచి ఇక్కడికి వస్తాయి. వాటి గుబాళింపు మార్కెట్ అంతా వ్యాపిస్తుంది."

కోలారోడు
ఇది రేషన్ కార్డులో పేర్లు చదివినట్టుంది. కోలారు పేరు మర్చిపోయావు, అది వేరే కేసు.

గిరిజ_బనశంకరి
ఇళ్లల్లో పూజలకి, సీమంతాలకి పూల డెకరేషన్ చేస్తుంటాను, కాబట్టి ఆ మార్కెట్ నాకు రోజువారీ వ్యవహారం. వాసుగారూ, కనకాంబరానికి అసలు వాసన ఉండదు. పట్టీలో దాన్ని చేర్చి వెంటనే గుబాళింపు అన్నారు. మల్లెలు మార్కెట్‌కి మొగ్గలుగా వస్తాయి, విచ్చేది సాయంత్రానికి. అసలు వాసన అప్పుడే. పొద్దున ఆ సందుల్లో నడిస్తే ముందు ముక్కుకి తగిలేది మరువం, దవనం. తర్వాత బంతిపూల ఘాటు. దాని కింద తడిసిన గోనెసంచి వాసన, తొక్కి తొక్కి పచ్చడైన ఆకుల వాసన. ఇది సుగంధ పరిమళం అని ఎవరూ అనరు, కానీ నాకు కళ్లు మూసి దింపినా ఆ చోటు తెలిసిపోతుంది.

ఎస్‌కేఆర్
పై పోస్టు చదివాక మాస్టారి ముక్కకి అర్థం తెలిసింది. ఇప్పుడు పూలు కనపడ్డాయి.

వాసు_వైట్‌ఫీల్డ్
కుళ్లిన ఆకులు, గోనెసంచులు ఉగాది సంచికలో పెట్టమంటారా? 'నచ్చిన చోటు' అని కదా అడిగింది.

గిరిజ_బనశంకరి
నాకు నచ్చే చెప్తున్నానండీ.

నీలిమేఘం
ఇక్కడ అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను అడ్డం మాట్లాడతాను. మన ప్రబంధాలకి అష్టాదశ వర్ణనలు ఉండాలన్నారు. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానం, జలక్రీడ, పెళ్లి, యుద్ధం, ప్రయాణం... మొత్తం పద్దెనిమిది. ఆ పుర వర్ణనల్లో మేడలు చంద్రుణ్ణి తాకుతాయి, కోట అగడ్త పాతాళం దాకా దిగుతుంది. ఏ మేడా చంద్రుణ్ణి తాకదని కవికి తెలియదా? మన వర్ణన రక్తంలోనే ఉంది ఈ ఉత్సవం. "విశేషణాలు తీసెయ్యి, అతిశయం వద్దు, ఉన్నది ఉన్నట్టు రాయి" అనేది ఈమధ్య ఇంగ్లిష్ క్లాసుల నుంచి వచ్చిన పొదుపు. తెలుగువాడు ఉగాదికి కూడా కాస్త ఒళ్లు మరచి రాయకూడదా?

ఎస్‌కేఆర్
@నీలిమేఘం, ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఇంగ్లిష్ వాళ్ల సరుకు కాదండీ. స్వభావోక్తి మర్చిపోయారా? జాతి, గుణ, క్రియాదుల్ని ఉన్నవి ఉన్నట్టు వర్ణిస్తే స్వభావోక్తి అని స్కూల్లో బట్టీ కొట్టాం. లేళ్లు చెవులు రిక్కించి బెదురు చూపులతో చెంగుచెంగున దూకుతున్నాయి అని ఉదాహరణ కూడా ఉండేది. అది కూడా అలంకారమే, ఉత్ప్రేక్ష పక్కనే దానికీ పీట వేశారు మన ఆలంకారికులు.

పైగా మేడ చంద్రుణ్ణి తాకింది అనాలంటే ముందు మేడ ఎత్తు చూసి ఉండాలి, రాత్రి ఏ మూల నుంచి చూస్తే చంద్రుడు ఆ అంచు మీద కూర్చున్నట్టు కనిపిస్తాడో తెలిసి ఉండాలి. వాసుగారి "పూలు స్వాగతం పలుకుతాయి"లో ఏ పువ్వు, ఎక్కడుంది, ఎలా పలికింది? అది అతిశయోక్తి కూడా కాదు. పెళ్లి ఫ్లెక్సీ మీద ఉండే స్వాగతం.

నీలిమేఘం
ఫ్లెక్సీ దెబ్బ బాగుంది, ఒప్పుకుంటా. కానీ మొత్తం స్వభావోక్తే అయితే పోలీసు పంచనామా అవుతుంది. ఒక్క పోలికైనా గుండె మీద నిలిచేది ఉండాలి. ఇది మాత్రం వదలను.

హిందూపురం77
మీరు కొట్టుకునేలోపు ఏఐని అడిగాను. రెండు సెకన్లలో రాసిచ్చింది: "సూర్యుని తొలికిరణాలు ముద్దాడగానే కె.ఆర్. మార్కెట్ ఒక రంగుల సముద్రంలా మేల్కొంటుంది. ప్రతి పువ్వు ఒక కథ చెబుతుంది..." ఇలా 400 పదాలు. సంచిక అయిపోయింది, వెళ్లి ఒబ్బట్లు తినండి.

కోలారోడు
సూర్యుడు వచ్చి ముద్దాడేసరికి అక్కడ మంచి సరుకంతా అమ్ముడైపోయి ఉంటుంది. సూర్యుడు లేటు.

గిరిజ_బనశంకరి
నిజమే. నాలుగింటికల్లా బేరాలు మొదలవుతాయి. వెలుగొచ్చాక వెళ్తే మాకు మిగిలేది రెండో రకం.

నల్లకళ్లద్దాలు
నాకు చూపు లేదు, ఈ థ్రెడ్ స్క్రీన్ రీడర్‌తో వింటున్నాను. 'రంగురంగుల' అనే మాట నాకు ఏమీ ఇవ్వదని ఎప్పటి నుంచో తెలుసు. అది చూపున్న వాళ్లకి కూడా ఏమీ ఇవ్వదని ఇవాళ తెలిసింది, తృప్తిగా ఉంది.

ఆ మార్కెట్‌కి నేను కూడా వెళ్తుంటాను. మెట్రో స్టేషన్ నుంచి పైకి వచ్చి నడుస్తుంటే ఫ్లైఓవర్ కింద హారన్లన్నీ నెత్తిన కొట్టుకుని తిరిగొస్తాయి, ఏది ఎటు నుంచో తెలియదు. మార్కెట్ లోపలికి వెళ్లగానే ఆ మోత వెనకబడి దగ్గరి చప్పుళ్లు మొదలవుతాయి. త్రాసు పళ్లెంలో తూకం రాయి పడటం, బస్తా నేల మీద ఈడ్వటం, ఎవరో నీళ్లు చిలకరించటం. వెనక నుంచి "దారి బిడి, దారి బిడి" (దారి వదలండి) అని కన్నడంలో మూట మోసేవాడి కేక. ఆ కేక వినగానే ఏ పక్కకి తప్పుకోవాలో తెలియాలంటే గోడ ఎటుందో ముందే గుర్తుండాలి. నేల తడి. చెప్పు కింద మెత్తగా జారుతుంది. వ్యాసాల్లో ఎవరూ నేల గురించి రాయరు. నడిచే వాళ్లకి ముందు తెలిసేది అదే కదా?

ఇంకో మాట. చప్పుడు రాయమంటే తెలుగులో అందరూ కిలకిలారావాలు, గలగలలు అనేస్తారు. మన భాషలో జంట పదాలకు కొదవ లేదు. చిటపట, బిరబిర, దబదబ, కరకర, బరబర ఉండగా ఆ రెండిట్నే పట్టుకుని వేలాడటం ఎందుకు? గోనెసంచి బరబర ఈడుస్తారు. అది సరిపోతుంది.

పద్మ_ట్యూషన్
@నల్లకళ్లద్దాలు, మీ పోస్టు మా పిల్లలకి చదివి వినిపించనా? మీ హ్యాండిల్ చెప్పను.

నల్లకళ్లద్దాలు
హ్యాండిల్ కూడా చెప్పండి, దాని కోసమే పెట్టుకుంది.

సిల్క్‌బోర్డు_బాధితుడు
నేను ట్రాఫిక్ కదలని సిల్క్‌బోర్డు జంక్షన్ మీద వర్ణన వ్యాసం రాస్తాను. గమనించడానికి నాకున్నంత టైము ఎవరికీ లేదు.

పద్మ_ట్యూషన్
జోక్ కాదు, రాయండి. ఒకే చోట కదలకుండా ఉండటం వర్ణనకి చాలా మంచిది. పిల్లల వ్యాసాలు చెడేది ఎక్కువగా ఇక్కడే. మొదటి వాక్యంలో గేటు దగ్గర ఉంటారు, రెండో దాంట్లో ఆకాశం నుంచి చూస్తారు, మూడో దాంట్లో చరిత్రలో ఉంటారు. చదివేవాడికి ఎక్కడ నిలబడాలో తెలియదు.

సిల్క్‌బోర్డు_బాధితుడు
సరే, ఇదిగో. "నా ముందు బస్సు. దాని వెనకద్దం మీద దుమ్ములో ఎవరో వేలితో 'వాష్ మీ' అని రాశారు. కింద ఇంకెవరో కన్నడంలో 'నాళె' (రేపు) అని జవాబు రాశారు. ఎడమ పక్క డెలివరీ కుర్రాడు బండి ఆపి, హెల్మెట్ తీసి, ట్యాంకు మీద ఫోను పెట్టుకుని క్రికెట్ చూస్తున్నాడు. సిగ్నల్ పచ్చబడింది. అతను తల ఎత్తలేదు. మళ్లీ ఎర్రబడింది. ఎవరూ హారన్ కూడా కొట్టలేదు."

కోలారోడు
ఇది అచ్చు వేయండి సంచికలో!

నీలిమేఘం
హారన్ కొట్టలేదు అన్న చోట నమ్మలేకపోయాను, కానీ నవ్వాను.

ఎస్‌కేఆర్
చూశారా, విసుగు అనే మాట ఎక్కడా వాడలేదు.

మోడరేటర్_2
ట్రాఫిక్ గోలకి వేరే థ్రెడ్ ఉంది. (పేరా బాగుంది, ఉంచుతున్నాను.)

బీఎంటీసీ_ప్రేమికుడు
నాది వేరే సమస్య. మా వాడు లాల్‌బాగ్ మీద వ్యాసం రాశాడు. 240 ఎకరాలు, 1760లో హైదరాలీ మొదలుపెట్టాడు, గాజు ఇల్లు 1889, ఏడాదికి రెండు పూల ప్రదర్శనలు, జనవరిలో ఒకటి ఆగస్టులో ఒకటి... అన్నీ కరెక్టే. టీచర్ "ఇది సమాచారం" అని రాసి వదిలేసింది. అంకెలు రాయకూడదా వర్ణనలో?

పద్మ_ట్యూషన్
రాయొచ్చు. ఆ అంకె వల్ల కళ్లకి ఏదైనా తేడా రావాలి. 240 ఎకరాలు అంటే నాకు ఏమీ కనపడదు. అదే లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న బండ సుమారు 300 కోట్ల ఏళ్లనాటిది. దాని మీద ఇప్పుడు ఎవరు కూర్చున్నారు? సాయంత్రం జంటలు, వేరుశనగలు అమ్మేవాడు, పైకి ఎక్కలేక సగంలో ఆగి నడుము మీద చేతులు పెట్టుకున్న పెద్దావిడ. ఆ వయసు చెప్పి ఈ మనుషుల్ని చెప్తే అంకె పని చేస్తుంది. లేకపోతే గేటు బయట బోర్డు చదివినట్టే.

బీఎంటీసీ_ప్రేమికుడు
ఆ బండ మీద చిప్స్ ప్యాకెట్లు కూడా ఉంటాయి.

పద్మ_ట్యూషన్
అవీ రాయమనండి.

ఎస్‌కేఆర్
బెంగళూరు గురించి రాసేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది, వాడుకోరు. ఇక్కడ చెట్టుని బట్టి నెల చెప్పొచ్చు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లాల్‌బాగ్ చూసుకున్న జర్మన్ ఉద్యానవేత్త క్రుంబిగల్, ఏడాది పొడుగునా ఒక జాతి తర్వాత ఇంకో జాతి పూసేలా వీధుల్లో చెట్లు నాటించాడని చెప్తారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గులాబీ రంగు టబెబుయా. ఆ వెనకే ఊదా రంగు జకరాండా. ఎండలు ముదిరాక ఎర్ర తురాయి. "చెట్లు పూలతో కళకళలాడుతున్నాయి" అంటే ఏ నెలో తెలియదు. "కారు అద్దం మీద ఊదా పూలు అతుక్కుని వైపర్‌కి రాలేదు" అంటే నెల తెలుస్తుంది, రాత్రి చినుకులు పడ్డాయని తెలుస్తుంది, ఆ కారు చెట్టు కింద పార్క్ చేశారని కూడా తెలుస్తుంది.

హిందూపురం77
పార్కింగ్ దొరికిందని తెలుస్తుంది. అది అతిశయోక్తి.

వాసు_వైట్‌ఫీల్డ్
సరే, నా గొడవకి రండి. నేను మళ్లీ రాయాలి, మాస్టారు ఆదివారం దాకా టైమిచ్చారు. పై అంతస్తు వరండా నుంచి కిందకి చూసి రాయనా? ఫొటోలన్నీ అక్కడి నుంచే తీస్తారు. పసుపు, నారింజ కుప్పలు, మధ్యలో మనుషులు... బాగుంటుంది.

గిరిజ_బనశంకరి
పైనుంచి రంగులు బాగుంటాయి, కానీ వాసన అందదు, మాట వినపడదు. పైగా ఆ ఫొటో అందరూ చూసేశారు.

పద్మ_ట్యూషన్
రెండూ పెట్టాలనుకోకండి, 400 పదాల్లో పట్టవు. పైన నిలబడితే కుప్పల ఆకారం దొరుకుతుంది, కింద నిలబడితే మనుషులు దొరుకుతారు. ముందు ఇది చెప్పండి, ఆ చోటు మీకు ఎందుకు నచ్చింది? అందంగా ఉంటుంది అని చెప్పొద్దు.

వాసు_వైట్‌ఫీల్డ్
ఏమో... ఆ తొందర అనుకుంటా. ఆఫీసులో మేం డెడ్‌లైన్ డెడ్‌లైన్ అంటుంటాం, అది ఉత్తుత్తి తొందర, రేపు చేసినా ఏం కాదు. అక్కడ మాత్రం నిజంగా టైము అయిపోతూ ఉంటుంది. పొద్దెక్కితే సరుకు వాడిపోతుంది.

పద్మ_ట్యూషన్
ఇక మీకు వ్యాసం దొరికింది. తొందర అనే మాట రాయకుండా తొందర కనిపించే వివరాలే ఏరుకోండి. దానికి పనికిరానిది ఎంత బాగున్నా పక్కన పెట్టండి. సంపంగి వాసన మీకెంత ఇష్టమైనా సరే.

గిరిజ_బనశంకరి
తొందర కావాలంటే ధరలు చూడండి. పొద్దెక్కేకొద్దీ దిగుతాయి. వరమహాలక్ష్మి పండగ ముందు రోజు మాత్రం దిగవు, ఎక్కుతూనే ఉంటాయి, అప్పుడు తొందర కొనేవాళ్లది. దండలు అమ్మేవాళ్లు మూర కొలిచే చేతిని చూడండి. మోచేతి నుంచి వేలి కొస దాకా. ఒకావిడ మాట్లాడుతూనే కొలుస్తుంది, లెక్క తప్పదు. పొట్టి చెయ్యి ఉన్న దుకాణం దగ్గర కొనొద్దని మా అత్తగారు చెప్పేది.

కోలారోడు
మా అమ్మమ్మ కూడా ఇదే మాట. ఆంధ్రా, కర్ణాటక అత్తలందరికీ ఒకే సిలబస్.

ఎస్‌కేఆర్
వాసుగారూ, ఇంకోటి, మీ క్రియలు చూసుకోండి. పలుకుతాయి, మైమరపిస్తాయి, ఉంటాయి, వస్తాయి, వ్యాపిస్తుంది. అన్నీ తద్ధర్మ క్రియలే. అంటే ఎప్పుడూ జరిగేది. ఎప్పుడూ జరిగేది చెప్తే ఎవరూ అక్కడ నిలబడి లేనట్టు ఉంటుంది. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు" అన్న ధోరణి. ఒక్క పొద్దున పట్టుకుని "పోసింది, చల్లింది, అరిచాడు" అని రాస్తే సగం పని అయిపోతుంది. "మనకు" కూడా తీసెయ్యండి. అక్కడ నిలబడింది మీరు, మేం కాదు.

అనంత_నాన్న
మధ్యలో వస్తున్నాను. ఎస్‌కేఆర్ గారు చెప్పినట్టు పోసింది, అరిచాడు అని రాస్తే అది కథ అయిపోదా? మా అమ్మాయి పదో తరగతి. వర్షం పడే సాయంత్రాన్ని వర్ణించమంటే, వర్షంలో కుక్కపిల్ల దొరికింది, ఇంటికి తెచ్చారు, దాని అసలు యజమాని వచ్చాడు... అంతా రాసింది. బాగుంది కానీ వర్షం రెండు లైన్లే.

పద్మ_ట్యూషన్
కుక్కపిల్ల మా దగ్గర కూడా ప్రతి బ్యాచ్‌లో దొరుకుతుంది. తేడా ఇలా చెప్తాను: చదివేవాడు "తర్వాత ఏమైంది" అని అడిగితే కథ, "ఇంకా ఏం కనిపించింది" అని అడిగితే వర్ణన. కదలిక ఉండొచ్చు, ఎవరో బేరమాడొచ్చు, బస్సు రావొచ్చు. వాళ్ల జీవితం ఏమైందో చెప్పడం మొదలుపెడితే దారి తప్పినట్టు. కుక్కపిల్లని ఉంచమనండి. తడిసి, బస్‌స్టాపు బెంచీ కింద వణుకుతూ ఉందని రాసి అక్కడే వదిలెయ్యమనండి. ఇంటికి తేవొద్దు.

అనంత_నాన్న
మా అమ్మాయి ఏడుస్తుంది.

నల్లకళ్లద్దాలు
వర్షం అంటే మట్టి వాసన కూడా రాసేసి ఉంటుంది కదా?

అనంత_నాన్న
మొదటి లైనే అది.

ఎస్‌కేఆర్
మట్టి వాసనని పూర్తిగా తిట్టకండి. మట్టిలో ఉండే ఒక రకం బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం అది. మనిషి ముక్కు దాన్ని అతి తక్కువ మోతాదులో కూడా పసిగడుతుంది, అందుకే అందరికీ గుర్తుంటుంది, అందరూ రాస్తారు. కానీ పదో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే పిల్లకి వాన అంటే నిజంగా ముందు వచ్చేది ఏ వాసన? బాల్కనీలో ఆరేసిన బట్టలదా, లిఫ్టులో తడి గొడుగులదా? అది రాయమనండి.

నీలిమేఘం
లిఫ్టులో తడి గొడుగుల వాసన... ఇప్పుడు నా ముక్కుకి వచ్చేసింది, థాంక్స్.

వాసు_వైట్‌ఫీల్డ్
మళ్లీ వెళ్లొచ్చాను. పొద్దున్నే మెట్రో ఉండదు, క్యాబ్ వాడు అడిగిన డబ్బుకి రెండు బుట్టల చేమంతులు వచ్చేవి. కొత్తది ఇదిగో:

"నాలుగున్నరకి మార్కెట్లో కరెంటు వెలుగే. మెట్ల పక్కన గోడకి ఆనుకున్నాను, ఇంకెక్కడా నిలబడనివ్వలేదు. ఎదురుగా ఒకామె పసుపు చేమంతుల కుప్ప మీద నీళ్లు చల్లుతూ, కొనేవాడి మొహం చూడకుండానే ధర చెప్పింది. అతను అందులో సగం అడిగాడు. ఆమె తర్వాతి మనిషికి తూచడం మొదలుపెట్టింది. అతను కదల్లేదు, ఈసారి ముప్పావు అడిగాడు. వెనక నుంచి 'దారి బిడి' అన్న కేక, కేక వెంటే నెత్తిన మూట. మూట నుంచి కారిన నీళ్లు నా భుజం మీద పడ్డాయి, మరువం వాసన. తల తిప్పి చూసేసరికి మూట రెండు దుకాణాలు దాటిపోయింది. ఆరున్నరకి చేమంతుల కుప్ప మోకాలి ఎత్తు నుంచి చీలమండ ఎత్తుకి దిగింది. ధర కూడా దిగింది. సగానికి అడిగినవాడు అప్పటికే కొనుక్కుని వెళ్లిపోయాడు."

కోలారోడు
పాపం వాడు. ఇంకో గంట ఆగాల్సింది.

గిరిజ_బనశంకరి
మామూలుగా ఆరున్నరకే దిగదు, ఇంకాస్త పొద్దెక్కాలి.

వాసు_వైట్‌ఫీల్డ్
పెళ్లిళ్లు లేని రోజులు కదండీ. నేను విన్నదే రాశాను.

గిరిజ_బనశంకరి
అయితే సరే. ఆ రోజుల్లో అంతే.

నీలిమేఘం
బాగుంది. పంచనామా కాలేదు. కానీ ఒక్క పోలికా లేదు, నాకు ఆకలి తీరలేదు. చేమంతుల కుప్పకి ఏదో ఒకటి పెట్టండి.

ఎస్‌కేఆర్
మోకాలు, చీలమండ చాలు. అక్కడ పోలిక పెడితే కుప్ప దిగడం కనపడదు, పోలికే కనపడుతుంది.

నీలిమేఘం
మీరు పొదుపు సంఘంలో పెద్దలా?

నల్లకళ్లద్దాలు
'మూట రెండు దుకాణాలు దాటిపోయింది' దగ్గర దారి నాకు తెలిసింది. నేల మాత్రం మళ్లీ లేదు.

వాసు_వైట్‌ఫీల్డ్
నేల రెండో పేరాలో పెడతాను. జారబోయాను కూడా. మొదటి వ్యాసంలోని "ఉద్యాన నగరి" ముక్క మాత్రం ఎక్కడో ఒక చోట ఉంచుతాను, మా ఆవిడకి అది నచ్చింది.

పద్మ_ట్యూషన్
ఇంట్లో వాళ్లకి నచ్చిన దానికి పరీక్ష లేదు, ఉంచుకోండి.

అనంత_నాన్న
మా అమ్మాయి తరఫున ఒక్క ప్రశ్న. ముగింపు ఎలా? వాళ్ల స్కూల్లో "ఆ సాయంత్రం నా జీవితంలో మరపురాని అనుభూతిగా మిగిలిపోయింది" అని రాయిస్తున్నారు. రాయకపోతే ముగింపు లేదని మార్కు కోస్తారట.

పద్మ_ట్యూషన్
ఆ వాక్యం మీద నాకు పాత పగ ఉంది. పెళ్లి, వర్షం, రైల్వే స్టేషన్, జాతర, అన్నిటికీ అదే. పేరు మార్చే పరీక్షలో మొదట రాలేది అదే. చివరి వివరం చెప్పి ఆపేయమనండి. వాన తగ్గితే తగ్గిందని, కరెంటు వస్తే వచ్చిందని.

ఎస్‌కేఆర్
స్కూలు పరీక్ష దగ్గర నేను ఒప్పుకోను మేడమ్. దిద్దే ఆయనకి వందల పేపర్లుంటాయి. ముగింపు అయిందని తెలిసే గుర్తు ఏదో ఒకటి ఉండాలి. మరపురాని అనుభూతి వద్దు, కానీ ఆ పిల్ల బస్‌స్టాపు నుంచి లేచి వెళ్లడమో, గొడుగు మూయడమో ఉంటే ఆయనకీ తృప్తి, మనకీ నష్టం లేదు.

పద్మ_ట్యూషన్
గొడుగు మూయడానికి ఒప్పుకుంటాను. స్కూలు పరీక్షలో చివరి పది నిమిషాలు దీనికే అట్టేపెట్టుకోమనండి. వ్యాసం మధ్యలో తెగిపోతే మాత్రం గొడుగూ కాపాడదు.

అనంత_నాన్న
చెప్పాను. "గొడుగు సరే, కుక్కపిల్లని కూడా తీసుకెళ్తాను" అంటోంది.